పక్కింటాయనను అడగొద్దు

ఆ గురువారం మధ్యాహ్నం మీటింగ్ గదిలో ఉన్నవాళ్లు: ఆఫీసంతా అన్న అని పిలిచే మా టీమ్ లీడ్, నేను అక్క అని పిలిచే, లా చదివిన మా సీనియర్, నేను. గోడ మీది తెరలో ఇద్దరు: ఇంగ్లండులో చిన్న ఆఫీసు నడిపే లాయరమ్మ, ఆమె ద్వారా ఇల్లు కొనబోతున్న ఒకావిడ. బల్ల మీద ఉన్నవి: ఇంటి ప్లాన్ ప్రింటు, స్కేలు, మైకు, మూడు టీ గ్లాసులు, ఎవరూ ముట్టని బిస్కెట్ల ప్లేటు. ఏసీ ఉంది, పనిచేయదు. కిటికీ తెరిస్తే నాచారం ఫ్యాక్టరీలకు వచ్చే లారీల హారన్లు మైకులో పడతాయి కాబట్టి కిటికీ మూసి ఉంది.

నాకు ముప్పై ఒకటి. ఉద్యోగ జ్ఞాపకాలు రాసే వయసేనా ఇది అని ఇంట్లో నవ్వుతున్నారు. కానీ ఆ టీమ్ ఇప్పుడు లేదు, ఆ పని మరో ఊరికి వెళ్లిపోయింది. అలాంటి ఆఫీసుల్లో కొత్తగా చేరుతున్న ఇంజినీరింగ్ పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, ఈ పనికి చట్టం తెలియాలా అని అడుగుతుంటారు. చట్టం నేర్పిస్తారు. అనుమానం మాత్రం ఇంటి నుంచే తెచ్చుకోవాలి. అది ఎక్కువైతే ఏమవుతుందో, తక్కువైతే ఏమవుతుందో ఈ ఒక్క ఫైలుతో చెప్పగలను.

పని ఇది. ఇంగ్లండులో ఇల్లు కొనేవాళ్లకు ఒక లాయరు, అమ్మేవాళ్లకు ఒక లాయరు ఉంటారు. కొనేవైపు లాయరు అమ్మేవైపు లాయరుకు ప్రశ్నలు పంపాలి. ఆ ప్రశ్నలు తయారయ్యేది నాచారంలో, మా దగ్గర. ఫైలు చదవాలి, అనుమానించాలి, ఆ అనుమానాన్ని మర్యాదగల వాక్యంగా రాయాలి. కంచె ఎవరిది? వెనక కట్టిన గదికి అనుమతి ఉందా? అమ్మేవాళ్లు కాక ఆ ఇంట్లో పెద్దవాళ్లు ఇంకెవరైనా ఉంటున్నారా, ఖాళీ చేస్తామని వాళ్లూ సంతకం పెడతారా? 

కొనేవాళ్లు మాత్రం అన్నిటికన్నా ఎక్కువగా ఒకటే అడుగుతారు: ఇల్లు ఎప్పటికి నాదైనట్టు? దీనికి జవాబు మనవాళ్లకు మింగుడుపడదు. రెండువైపులా సంతకాలు చేసిన ఒప్పందాలను లాయర్లు మార్చుకునే రోజు దాకా ఎవరైనా వెనక్కి పోవచ్చు. ధర కుదిరినా సరే, చేతులు కలిపినా సరే. ఉప్పల్‌లో బయానా తీసుకుని మాట తప్పితే ఇంటి ముందు పంచాయితీ పెడతారు. అక్కడ క్షమించండి అని ఒక మెయిల్ వస్తుంది.

అన్న సొంతూరు పాత నాచారమే. వాళ్ల తాతలు జొన్న పండించిన భూమిలో ఇప్పుడు కాలనీ ఉంది. ఆ భూమి చేతులు మారుతున్న రోజుల్లో పెరిగాడు కాబట్టి ఆయన లెక్కలో ప్రతి స్థలానికీ ఇద్దరు ఓనర్లు ఉంటారు, ఒకడు కాగితం మీద, ఒకడు గోడ వెనక. ప్లాటు కొనేవాళ్లకు ఆయన చెప్పే పద్ధతి ఆఫీసులో అందరికీ నోటికి వచ్చు: "మూడు సార్లు పోవాలె. పొద్దుగాల ఒకసారి, పొద్దుగూకినంక ఒకసారి, వానల ఒకసారి. ఇస్త్రీ బండాయన్ని అడగాలె, కిరాణంల అడగాలె. పక్కింటోన్నైతే కూసొని అడగాలె."

అక్కది గోదావరి వైపు. పెళ్లయ్యాక రామంతాపూర్‌లో స్థిరపడింది. ఆమెకు అనుమానం కన్నా నియమం ఇష్టం. నేను సివిల్ ఇంజినీరింగ్ చదివి ఈ పనిలోకి వచ్చినవాణ్ణి. మా నాన్న గుంటూరు, నేను పుట్టింది ఉప్పల్. అన్నతో అన్న భాష మాట్లాడేవాణ్ణి, అక్కతో అక్క భాష.

ఇక ఆ ఫైలు. కొనే ఆవిడ ఒక బడిలో వంట చేస్తుంది. పదకొండేళ్ల కూతుర్ని ఒక్కతే పెంచుకుంటోంది. ఆ అమ్మాయి బ్యాటరీ చక్రాల కుర్చీలో తిరుగుతుంది. ఉంటున్నది మేడ మీది అద్దె ఇల్లు. కుర్చీ కింద పెట్టి పిల్లను ఎత్తుకుని ఎక్కాలి. పిల్ల పెరుగుతోంది, ఆవిడ నడుము ఒప్పుకోవడం లేదు. బడికి దగ్గర్లో మేడ లేని ఇల్లు దొరికింది ఇదొక్కటే. 

ముందు గుమ్మానికి ఐదు మెట్లున్నాయి. ఫోటోల్లో ఇటుక వరసలు లెక్కపెట్టి ఎత్తు తీశాను. ర్యాంపు కట్టాలంటే పది మీటర్లకు పైగా జాగా కావాలి, ఇంటి ముందున్నది మూడు మీటర్లు. కానీ ఇంటి పక్కనుంచి చదునైన దారి ఉంది, తిన్నగా వంటింటి తలుపు దాకా. కుర్చీ వెళ్లగలిగేది ఆ ఒక్క దారిలోనే. ప్లాన్‌లో ఇంటి హద్దు చూపే ఎర్ర గీత ఆ దారికి ఇవతలే ఆగిపోయింది. దారి పక్కింటాయనది. దాని మీద ఈ ఇంటికి హక్కు ఉన్నట్టు ఎక్కడా నమోదు కాలేదు.

ఇలాంటివాటికి అక్కడ ఒక ఇన్సూరెన్సు దొరుకుతుంది. రేపు పక్కింటివాడు దారి మూసేస్తే కంపెనీ పరిహారం ఇస్తుంది. షరతు ఒకటే: ఆ పక్కింటివాణ్ణి ఎవరూ దారి సంగతి అడిగి ఉండకూడదు. అడిగితే నిద్రపోతున్నవాణ్ణి లేపినట్టు, ఇక పాలసీ ఇవ్వరు. పాలసీ లేదా నమోదైన హక్కు, రెండింట్లో ఒకటి లేకపోతే బ్యాంకు అప్పు ఇవ్వదు. నేను చేరిన మొదటి వారంలో ఈ నియమం నాకు నేర్పింది అన్నే. "సూసినవా తమ్మీ, అడగనోనికే ఇన్సూరెన్సు" అని పడీపడీ నవ్వాడు.

ఫైలు తెరిచిన రోజే నాకు ఒకటి తేడాగా కనిపించింది.

"అన్నా, పాలసీ మేమే కొనిస్తమని అమ్మెటోళ్ల లాయరు మొదటి మెయిల్లనే రాసిండు. దారి గురించి మనం ఇంకా ప్రశ్నే పంపలే."

అన్న కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "అడగకముందే?"

"అడగకముందే."

"మన ఉప్పల్ల ఎవడన్న గిట్ల ఇస్తే ఏం జేస్తవ్?"

"బండి తిప్పుకొని ఇంటికి పోత."

"మరి?"

అక్క తల ఎత్తకుండానే అంది: "అక్కడ అది మామూలేనండీ. మంచి లాయర్లు ముందే ఊహించి పంపుతారు. మీ ఇద్దరికీ ప్రతి దొరలోనూ ప్లాట్ల బ్రోకరే కనిపిస్తాడు."

"బ్రోకరు దేశం సూసి పుడతడా మేడం?"

ఆ దారి విషయంలో ఎప్పుడైనా ఎవరైనా అభ్యంతరం చెప్పారా అని ప్రశ్న పంపాం. అమ్మే ఆయనకు తెలిసినంతవరకు రాతపూర్వకంగా ఏ అభ్యంతరమూ రాలేదని జవాబు వచ్చింది.

"రాతల రాలేదంట" అన్నాడు అన్న. "అంటే నోటితోని వచ్చింది."

"అదీ మామూలు మాటేనండీ."

"అన్నీ మామూలే మేడం. మామూలు కానిది ఏందో జర చెప్పరాదు మీరు."

అక్క ఆ జవాబును ఇంకోసారి చదవడం నేను చూశాను. ఆమెకూ అనుమానం ఉందని, నియమం అడ్డొచ్చి బయటికి చెప్పడం లేదని నాకు అప్పుడే అనిపించింది. 

ఒప్పందాలు మార్చుకునే ముందు లాయరమ్మ కొనేవాళ్లతో ఒకసారి వీడియోలో మాట్లాడుతుంది. అలాంటప్పుడు మేం ఇటువైపు కూర్చుని రాసుకోవాలి. మాట్లాడకూడదు. మైకు మూసే ఉండాలి. ఆ గురువారం జరిగింది అదే.

లాయరమ్మ పాలసీ గురించి ఓపికగా వివరించింది. కొనే ఆవిడ అంతా విని, పక్కింటాయన దారికి గేటు పెట్టేస్తే ఏం చేయాలి అని అడిగింది. కంపెనీ పరిహారం ఇస్తుందని లాయరమ్మ చెప్పింది. "సరే, ఇస్తుంది. ఆ రోజు సాయంత్రం నా కూతురు ఇంట్లోకి ఎలా వస్తుంది?" అందావిడ. ఆవిడ గొంతులో కోపం లేదు, నిజంగానే అడుగుతోంది. సరిగ్గా అప్పుడు లాయరమ్మ గదిలోకి ఎవరో వచ్చారు. ఒక్క నిమిషం అని ఆమె కెమెరా, మైకు రెండూ ఆపేసింది.

తెర మీద ఆవిడ ఒక్కతే మిగిలింది. అవతలి తెర మీద మేం ముగ్గురం వరసగా కనిపిస్తూ ఉండాలి. ఆవిడ మమ్మల్ని చూసి చిన్నగా నవ్వింది.

"ప్రశ్నలు రాసేది మీరే కదా? శనివారం మళ్లీ ఇల్లు చూడ్డానికి వెళ్తున్నాను. నా బదులు మీరైతే అక్కడ ఏం చూస్తారు?"

నేను అక్క వైపు చూశాను. లాయరమ్మ వచ్చేదాకా ఆగమని చెప్పడానికి అక్క మైకు వైపు చెయ్యి చాపింది. అన్న చెయ్యి ముందు చేరింది. బటన్ నొక్కి, తన నిదానమైన ఇంగ్లీషులో చెప్పాడు: "మా దగ్గరైతే మేడం, పక్కింటాయనను అడుగుతాం."

అక్క అరచేత్తో మైకు మూసేసింది. ఆవిడ అప్పటికే తల ఊపింది. లాయరమ్మ తిరిగి వచ్చి, ఎక్కడున్నాం అని అడిగి, మిగతాది పూర్తి చేసింది. కాల్ అయిపోయింది.

"ఏం చేశారండీ మీరు?" అక్క లేచి నిలబడింది. "శనివారం ఆవిడ వెళ్లి ఆ మనిషి తలుపు కొడితే పాలసీ పోతుంది. ఆయన కుదరదన్నాడనుకోండి, అప్పు రాదు, ఇల్లు పోతుంది. ఆ పిల్లను ఎత్తుకుని మెట్లెక్కుతూనే ఉంటుంది ఆవిడ. మీకు నియమం తెలీదా?"

"నియమం ఎరుకే మేడం. పాలసీ పైసలిస్తది. దారి ఇస్తదా?"

"అది ఆవిడ నిర్ణయించుకోవాలి. ఆవిడ లాయరు చెప్పాలి. మనం కాదు."

"ఆమె అడిగింది. నేను జెప్పిన."

"మనల్ని అడిగినవన్నీ చెప్తామా? ఆ మధ్య మా అత్తగారు మీ జీతమెంతని అడిగితే చెప్పానా?"

నవ్వొచ్చినా నవ్వే సమయం కాదు. నాకు ఇద్దరూ నిజమే చెబుతున్నట్టుంది. లెక్క చూస్తే దారులు మూడు. అడక్కుండా కొంటే, పాలసీతో ఇల్లు వస్తుంది, తలుపు ఎన్నాళ్లు అందుబాటులో ఉంటుందో తెలియదు. అడిగి కాదనిపించుకుంటే ఇల్లే రాదు. అడిగి ఔననిపించుకుంటేనే రెండూ వస్తాయి. మూడోదాని మీద పందెం కాసే హక్కు నాచారంలో కూర్చున్న మాకు లేదు.

లాయరమ్మకు చెప్పాలి అని నేనన్నాను. అక్క అన్న వైపు చూసింది. ఆయన దాస్తాడేమో అని ఆమె అనుమానం. ఆయన చూపులో, ఈమె పై వాళ్లకు ఇంకేదో కలిపి రాస్తుందేమో అన్న అనుమానం. నేను మెయిల్ తెరిచి, జరిగింది జరిగినట్టు నాలుగు వాక్యాలు రాశాను. మా లీడ్ అని రాసి ఆగాను.

"ఎవరన్నరో పేరు రాయి తమ్మీ" అన్నాడు అన్న. "లేకపోతే ముగ్గురి మీద పడతది."

లాయరమ్మ వెంటనే జవాబిచ్చింది, ధన్యవాదాలు అని మాత్రం. ఆ తరవాత ఆవిడకు ఫోన్ చేసింది. బడి వంటింట్లో ఫోన్లు పెట్టుకోనివ్వరు, దొరకలేదు. దొరికేసరికి పని అయిపోయింది. ఆవిడ శనివారం దాకా ఆగలేదు. బడి వదలగానే కూతుర్ని వెంటబెట్టుకుని తిన్నగా ఆ పక్కింటికి వెళ్లింది.

మరుసటి మధ్యాహ్నం ఆవిడ రాసిన మెయిల్‌ను లాయరమ్మ మాకూ పంపింది. అక్క పైకి చదివింది. పక్కింటాయన గొలుసు తీయకుండానే తలుపు సందులోంచి మాట్లాడాడట. దారి నాది అన్నాడు. అమ్మే ఆయనతో గత చలికాలంలోనే మొహం మీద చెప్పానన్నాడు: నువ్వు ఉన్నన్నాళ్లు వాడుకో, నీ తరవాత ఎవరికీ ఇవ్వను, అక్కడ షెడ్డు వేసుకుంటాను అని. 

అక్క చదవడం ఆపింది. నేను ముందే జెప్పిన అనకుండా ఉండటం అన్నకు ఎంత కష్టమో చూసినవాళ్లకే తెలుస్తుంది.

మెయిల్ ఇంకా ఉంది. కారు తిప్పుకోవడానికా దారి అని ఆయన అడిగాడట. కాదు, ఈ కుర్చీకి అని ఆవిడ చూపించింది. ఆయన గొలుసు తీసి, టేపు పట్టుకుని బయటికి వచ్చి కుర్చీ వెడల్పు కొలిచాడట. మధ్యలో ఆ అమ్మాయి, "నా మోచేతులు కూడా కలిపి కొలవండి, అవీ నాతోనే వస్తాయి" అందట. ఆలోచించి చెబుతానని ఆయన తలుపు వేసుకున్నాడు. కానీ గొలుసు పెట్టిన చప్పుడు వినిపించలేదని ఆవిడ రాసింది. దానికి ఆవిడ ఎంత విలువ ఇచ్చిందో ఆ వాక్యం చూస్తే తెలుస్తోంది.

ఆ తరవాతి వారమంతా ఇల్లు కొనే సంగతి గాలిలోనే ఉంది. పాలసీ ఇక రాదు. బ్యాంకు నమోదైన హక్కు చూపమంది. అమ్మే ఆయన లాయరు, తమ క్లయింటు దృష్టిలో అది ఎన్నడూ వివాదం కాదని రాశాడు. "గొడవ కాదంట. అంటే మస్తు గొడవైంది" అన్నాడు అన్న, ఈసారి అక్క కాదనలేదు. అదే మెయిల్ చివర, ఆలస్యమైతే ఇంకొకరికి అమ్ముకోవచ్చని తమ క్లయింటు అనుకుంటున్నాడని కూడా ఉంది. లాయర్లు ఒప్పందాలు ఇంకా మార్చుకోలేదు కాబట్టి అలా అనే హక్కు ఆయనకు ఉంది.

అమ్మే ఆయన మోసం చేశాడా? అక్క అన్నట్టు, పక్కింటాయన ఏదో విసుగులో అన్న మాటను ఆయన అభ్యంతరంగా లెక్కపెట్టలేదేమో. అలా అనుకోవడానికి చాలాసార్లు ప్రయత్నించాను. అడక్కుండా ఇచ్చిన ఆ పాలసీ దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ ఆగిపోతాను.

అన్నను క్లయింట్ల కాల్స్ నుంచి తీసేశారు. గదిలో కూర్చోకూడదు, తెరలో కనిపించకూడదు. ఆయన దాన్ని పెద్ద అవమానంగా తీసుకున్నట్టు కనిపించలేదు. అదే నాకు ఇప్పటికీ అనుమానం. పాలసీ నియమాన్ని నాకు నేర్పిన మనిషి. ప్రతి మాటా తూకం వేసి మాట్లాడే మనిషి. ఆ ఒక్క నిమిషంలోనే నోరు ఎలా జారింది? ఇప్పుడాయన మేడిపల్లి దగ్గర బావమరిదితో కలిసి ఇళ్లు కట్టిస్తున్నాడు. మొన్న ఉప్పల్ రింగురోడ్డు దగ్గర కలిస్తే చాయ్ తాగుతూ అడిగాను.

"అన్నా, నిజం చెప్పు. కావాలనే అన్నవా?"

"నోరు జారింది తమ్మీ."

"అక్క చెయ్యి కంటే ముందు నీ చెయ్యి పోయింది బటన్ మీదికి. నేను సూసిన."

"ఏం సూసినవ్? నాకు ఇంగ్లీషే సరిగ రాదు" అని గ్లాసు కింద పెట్టాడు. పదేళ్లకు పైగా ఇంగ్లండు ఫైళ్లు చదివిన మనిషి. 

పక్కింటాయన చివరికి ఒప్పుకున్నాడు, తన అనుమానాలతో సహా. కార్లకు కాదు. చెత్త డబ్బాలు పెట్టడానికి కాదు. అసలు అమ్మే ఆయనతో తగాదా మొదలైంది ఆ డబ్బాల దగ్గరేనట. వెడల్పు దస్తావేజులో అంకెల్లో రాయాలి, రేపు ఎవరూ జరుపుకోకుండా. తొంభై సెంటీమీటర్లు ఇస్తానన్నాడు. కుర్చీ వెడల్పు కొలిచి దానికి కాస్త కలిపిన లెక్క అది.

లాయరమ్మకు అది చాలనిపించింది. అక్కకూ చాలనిపించింది. హమ్మయ్య అని దస్తావేజు ముసాయిదా మొదలుపెట్టింది. నేను ప్లాన్ ముందు వేసుకుని కూర్చున్నాను. దారిలో తిన్నగా వెళ్లడానికి తొంభై చాలు. కానీ వంటింటి తలుపు దారి చివర లేదు, పక్క గోడకు ఉంది. కుర్చీ అక్కడ పూర్తిగా మలుపు తిరగాలి. కుర్చీ పొడవు తీసుకుని గీసి చూశాను. ముందు చక్రాలు గుమ్మంలో ఉండగా వెనక చక్రాలు దారి అంచున ఉన్న ఆయన పూలమడిలో ఉన్నాయి.

"అక్కా, తొంభై అయితే పిల్ల తలుపు దాకా వచ్చి ఆగిపోతుంది."

"ఇప్పుడు మళ్లీ ఆయన్ని అడగాలంటావా? ఒప్పుకున్నవాడు కాస్తా మనసు మార్చుకుంటే?"

"ముప్పై సెంటీమీటర్లు ఎక్కువ కావాలి."

అక్క స్కేలు తీసుకుని ఆ మలుపును తనే ఓసారి కొలిచింది. తరవాత వెనక్కి తిరిగి, గది అవతల తన సీట్లో ఉన్న అన్నను పిలిచింది. "ఏమండీ, మీరైతే ఏం చేస్తారు?"

ఆయన అక్కడి నుంచే అన్నాడు: "నేను మాట్లాడొద్దని రాసిచ్చిన్రు కదా మేడం."

"నేను అడుగుతున్నానండీ."

"కాగితం మీద సూపిస్తే ఎవడూ నమ్మడు. ఆ జాగల్నే సూపియ్యాలె."

అక్కే లాయరమ్మకు రాసింది. ఆదివారం ఆవిడ, కూతురు మళ్లీ వెళ్లారు. ఈసారి పక్కింటాయన తన చెత్త డబ్బాలనే తెచ్చి తొంభై దగ్గర వరసగా పెట్టాడు. అమ్మాయి కుర్చీ తిప్పింది. మొదటి డబ్బా పడిపోయింది. ఇంకోసారి తిప్పమన్నాడు, కావాలని గుద్దిందేమో అని. రెండో డబ్బా కూడా పడింది. ఆయన స్వయంగా ఒక్కో డబ్బానూ వెనక్కి జరుపుతూ పోయాడు, ఆ అమ్మాయి ఏదీ తగలకుండా వంటింట్లోకి వెళ్లేదాకా. అక్కడ టేపు పెట్టి కొలిచి, ఆ అంకెను ఆవిడకు రెండుసార్లు చదివి వినిపించాడట.

దస్తావేజుకు జతచేసిన ప్లాన్ నేను గీసిందే. దారి వెడల్పు 1.2 మీటర్లు.